టవర్ ఆపిన ఇరవై రెండు నిమిషాలు

ఈ విషయంలో నాకు నిశ్చయంగా తెలిసినదాన్నీ, ఒకరు చెప్పగా విన్నదాన్నీ ముందే వేరు చేసి పెడతాను.

నిశ్చయంగా తెలిసినది ఇది. మర్రిగూడ మండలంలోని ఒక సెల్ టవర్‌ను ఒక సాయంత్రం నాలుగు గంటల నాలుగు నిమిషాలకు ఆపించి, నాలుగూ ఇరవై ఆరుకు మళ్లీ నడిపించాము. ఆ రెండు సమయాలూ హైదరాబాద్‌లోని మా కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌లో నమోదై ఉన్నాయి. ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను ఆ టవర్ పరిధిలోని ఒక ఇంట్లో, గాలిలోని రేడియో తరంగాలను కొలిచే యంత్రాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. యంత్రంలో లోపం లేదు. దాని తెర మీద కనిపించినదంతా భద్రపరిచిన ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

విన్నది: ఆ ఇంటి యజమాని బాలయ్య పుణెలో ఏమయ్యాడన్నది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన ఒక సంభాషణలో రెండో సగాన్ని మాత్రం నేను విననూ లేదు, ఎవరూ చెప్పనూ లేదు. మొదటి సగాన్ని నేను చెవులారా విన్నాను. దాన్ని ఏ వైపు వేయాలో నాకు తెలియదు.

నేను దయ్యాలను నమ్మను. ఈ అనుభవానికి ముందు నమ్మలేదని మాత్రమే కాదు, తరువాత కూడా నమ్మను. నల్గొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు మా హాస్టల్ స్నానాల గదిలో నల్లా దానంతటదే కారుతున్నదని, ఎవరో చనిపోయిన అమ్మాయి తిప్పుతున్నదని చెప్పుకునేవారు. నేను బజారుకు వెళ్లి ఒక రబ్బరు వాషర్ తెచ్చి వేశాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

నా ఉద్యోగం కూడా అటువంటిదే. మొబైల్ నెట్‌వర్క్‌లో రొద ఎక్కడ పుడుతున్నదో వెతికి పట్టుకోవడం నా పని. టవర్ మాట్లాడటమే కాదు, వింటుంది కూడా. మన చేతిలోని ఫోన్ పంపే తరంగం టవర్‌ను చేరేసరికి చాలా బలహీనమై ఉంటుంది. ఆ సమయంలో దగ్గరలో మరొకటి అదే తరంగం మీద అరుస్తూ ఉంటే టవర్‌కు మన మాట వినిపించదు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. ఆ అరిచేదాన్ని కనిపెట్టి నోరు మూయించడానికే కంపెనీ నన్ను జిల్లా అంతా తిప్పుతుంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మర్రిగూడ వైపు నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఆ టవర్‌కు ఒక పక్కనున్న ఏడు ఊళ్లలో ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటి నుంచి అయిదింటి వరకు ఫోన్లు కలవవు. మిగతా రోజంతా బాగుంటుంది. మా రికార్డు తీసి చూస్తే రొద నాలుగింటికి గోడలా లేచి, అయిదింటికి గోడలాగే కూలుతున్నది. ప్రకృతిలో ఏదీ గడియారం చూసుకుని అరవదు. ఎవరో మనిషి ఒక స్విచ్ వేస్తున్నారు.

నాతో వచ్చినవాడు యాదగిరి. టవర్లు ఎక్కి యాంటెనాలు సరిచేసే పనిలో పాతికేళ్లుగా ఉన్నాడు. బండి దిగి టవర్ వైపు చూస్తూనే అన్నాడు: "దీనికి చెవుల్ల గుబిలి పట్టినట్టున్నది మేడం. ఎక్కి జర పుల్ల పెట్టి తీస్త."

ఊళ్లో మాకు సాయం చేసింది ఆశా కార్యకర్త సుజాత. ఫిర్యాదు రాసింది ఆమే. అంతకు నెల క్రితం ఒక సాయంత్రం నాలుగు దాటాక ఒకామెకు నొప్పులు మొదలైతే, అంబులెన్సుకు ఫోన్ కలవక, ఆటోలోనే కాన్పు చేయవలసి వచ్చింది. తల్లీ బిడ్డా దక్కారు.

"దక్కిన్రు గాబట్టి మీకు కాయితం రాసిన మేడం," అంది సుజాత. "లేకుంటె ఊరంత మీ టవర్‌ను పీకి మీ ఆఫీసు ముంగట పడేస్తుండె."

పద్ధతి ఇది. పాత టీవీ యాంటెనాను పోలిన ఒక యాంటెనాను ఎనలైజర్‌కు, అంటే తరంగాలను కొలిచే యంత్రానికి, తగిలించి, రొద ఉన్న సమయంలో నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. ఏ దిక్కుకు తెర మీది గీత ఎత్తుగా లేస్తుందో ఆ దిక్కుకు పటం మీద గీత గీయాలి. అలా వేర్వేరు చోట్ల నుంచి మూడు గీతలు గీస్తే, అవి కలిసేచోట దొంగ ఉంటాడు. ఆ రోజు నాలుగూ పది నుంచి నలభై లోపు మూడు గీతలు గీశాను. మూడూ గుట్ట వెనక పల్లంలో ఉన్న ఒక సిమెంటు రేకుల ఇంటి మీద కలిశాయి. ఇంటి మీద ఇనుప పైపు, దాని కొసన ఒక చిన్న యాంటెనా, గాలికి వంగి కిందికి చూస్తూ కనిపించింది. సిగ్నల్ బూస్టర్. బలహీనమైన సిగ్నల్‌ను అందుకుని పెంచి పంపే, అనుమతి లేకుండా బిగించకూడని డబ్బా. చాలా ఊళ్లలో ఉంటుంది.

అక్కడే అంజమ్మను మొదటిసారి చూశాను. యాభై అయిదేళ్లు ఉంటాయి. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లందరిలాగే మోకాళ్లు వంకరపోయాయి. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో బటన్ల ఫోన్. ఎక్కడికో బయలుదేరబోతున్నదేమో అనుకున్నాను.

"టవరోళ్లా? గిన్నొద్దులకు యాదికొచ్చినమా బిడ్డా?" అంది.

డబ్బా ఎవరు పెట్టారని అడిగాను.

"మా ఆయన. ఊరంత ఫోన్లు పట్టుకొని గుట్టెక్కి మాట్లాడుతరు. నా మోకాళ్లు గుట్టెక్కుతయా? గందుకే పట్నం పోయి తెచ్చిండు. మేస్త్రీ ఎంబడి పూనకు పోయిండు మల్ల. నాలుగ్గొట్టంగ ఆడ చాయ్‌కి ఇడుస్తరు. గప్పుడు చేస్తడు."

"రోజూ చేస్తడా?"

జవాబు సుజాత చెప్పింది, గొంతు తగ్గించి. రెండేళ్లుగా బాలయ్య నుంచి ఫోన్ లేదు. మేస్త్రీతో గొడవపడి వేరే గుంపుతో వెళ్లాడని ఒకరన్నారు. సోలాపూర్ స్టేషన్లో చూశామని మరొకరన్నారు. శవం లేదు, కబురు లేదు. అంజమ్మ మాత్రం రోజూ నాలుగింటికి డబ్బా స్విచ్ వేసి, గంటసేపు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, అయిదింటికి కట్టేసి లేస్తుంది. ఎవరు ఏ పనికి పిలిచినా ఆ గంట మాత్రం ఇవ్వదు.

నేను డబ్బాను పరీక్షించాను. స్విచ్ కట్టేస్తే తెర మీది రొద ఆగింది. వేస్తే లేచింది. అయిదుసార్లు చేశాను. సందేహం లేదు. కారణం కూడా తెలిసింది. ఈ డబ్బాకు రెండు యాంటెనాలుంటాయి, ఒకటి ఇంటిమీద, ఒకటి ఇంట్లో. రెండూ దూరంగా, ఒకదానికొకటి కనబడకుండా ఉండాలి. బాలయ్య లోపలి యాంటెనాను సరిగ్గా అంజమ్మ మంచం మీదికి వేలాడదీశాడు, ఆమె కూర్చునే చోటనే సిగ్నల్ పడాలని. పైది సరిగ్గా దాని నెత్తిన ఉంది. పైది నిటారుగా ఉన్నన్నాళ్లూ డబ్బా ఎలాగో పనిచేసి ఉంటుంది. గాలికి వంగి కిందికి చూడగానే తన గొంతు తనకే వినబడి, పెళ్లిలో మైకు కూసినట్టు కూయడం మొదలుపెట్టింది.

అప్పుడు నాకు ఇంకొకటి అర్థమైంది. అంజమ్మ ఫోన్ తీసి చూపించింది.

"సూడు బిడ్డా, డబ్బా ఏస్తే నాలుగు గీతలూ నిండుతయ్. గది లేకుంటె ఒక్కటి రాదు."

గీతలు నిండుగానే ఉన్నాయి. సుజాతను రొద తగలని టవర్ అవతలి పక్కకు పంపి ఆ నంబరుకు ఫోన్ చేయించాను. అందుబాటులో లేదని వచ్చింది. మూడుసార్లూ అదే. ఆ కూత ఏడు ఊళ్లను మూయడానికి ముందు, దాని కిందే కూర్చున్న ఫోన్‌ను మూసింది. డబ్బా కట్టేసి ఉంటే పల్లంలో సిగ్నల్ లేదు, వేస్తే కాల్ రాదు. ఆయన ఫోన్ కోసం ఆమె రోజూ వేస్తున్న స్విచ్చే ఆ ఫోన్‌ను రానివ్వడం లేదు.

పై యాంటెనా ఎప్పుడు వంగిందని అడిగాను. అడిగేటప్పుడు నా గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నించాను.

"గాలిదుమారమొచ్చినప్పుడు వంగింది. ఏ ఏడో యాదికి లేదు. ప్రతి ఏడూ వస్తది గద."

మా టవర్ రికార్డులు కొన్ని నెలలే ఉంటాయి, తరువాత చెరిగిపోతాయి. కాబట్టి బాలయ్య ఫోన్లు ఆగిపోయాక యాంటెనా వంగిందా, యాంటెనా వంగినందుకే ఫోన్లు ఆగిపోయాయా అన్నది తేల్చే ఆధారం లేదు. ఈ విషయం అంజమ్మకు చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. సుజాతకు కూడా చెప్పలేదు. నల్గొండకు తిరిగి వెళ్తూ బండిలో యాదగిరికి మాత్రం చెప్పాను.

"ఆమెకైతే చెప్పకు మేడం," అన్నాడు. "దమ్మాగి సస్తది."

డబ్బా మాత్రం తీయక తప్పదు. అంతకు ముందే అంజమ్మతో ఆ మాట అయింది, తేలికగా కాలేదు.

"తీస్తె ఆయన చేసినప్పుడు నేనెట్ల ఎత్తాలె? ఆయనకు నా నంబరొక్కటే నోటికొస్తది. ఇంకెవల్ది రాదు."

టవర్ యాంటెనాను కొంచెం ఈ వైపు తిప్పి కిందికి వంచితే డబ్బా లేకుండానే పల్లంలోకి సిగ్నల్ వస్తుందని చెప్పాను. లెక్క కట్టి చూసుకున్నాకే చెప్పాను.

"వస్తదంటవ్. పోయినేడు బోరు పొక్కకు నీళ్లొస్తయన్నోడు గూడ గట్లనే అన్నడు."

"వస్తది పెద్దమ్మా. రాకుంటే డబ్బా నేనే తెచ్చి మళ్ల బిగిస్త."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితె రేపు నాలుగింటికి నువ్వే వచ్చి నా పక్కన కూసో. గా గంట నేను ఒక్కదాన్ని ఫోను సూస్కుంట కూసోలేను డబ్బా లేకుండ."

మరునాడు మూడున్నరకు వెళ్లి డబ్బాను, రెండు యాంటెనాలను, తీగను విప్పి సంచిలో వేసి బండిలో పెట్టాను. యాదగిరి నన్ను దించి టవర్ దగ్గరికి వెళ్లాడు. యాంటెనా ముందు మనిషి నిలబడి పనిచేసేటప్పుడు టవర్ ప్రసారం ఆపాలి, లేకపోతే ఆ తరంగాలు ఒంటికి మంచివి కావు. అందుకని కంట్రోల్ రూమ్‌తో ముందే మాట్లాడి, నాలుగు దాటగానే అన్ని దిక్కులూ, అన్ని బ్యాండ్లూ ఆపించాము. ఆ పల్లంలోకి వచ్చే మరో టవర్ సిగ్నల్ లేదు, ఆ ముందురోజే కొలిచాను.

నాలుగూ నాలుగుకు ఎనలైజర్ తెర మీద ఉన్న సిగ్నల్ గుట్టలన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి. అడుగున సన్నని వణుకు మిగిలింది. ఆ వణుకును మేము గడ్డి అంటాము. పదిహేనేళ్ల ఉద్యోగంలో అంత పలుచని గడ్డిని నేను చూడలేదు. ఊరు దూరం, టవర్ లేదు, డబ్బా లేదు. అంజమ్మ మంచం మీద ఈ చివర, నేను ఆ చివర. మధ్యలో ఫోన్. ఇరవై నిమిషాల దాకా సిగ్నల్ రాదని ఆమెకు చెప్పాను. తల ఊపింది.

ఫోన్ మోగింది.

నా గడియారంలో నాలుగూ పన్నెండు. మొదట నేను చూసింది ఫోన్‌ను కాదు, తెరను. మీటరు దూరంలో ఫోన్ పనిచేస్తే తెర సగం నిండాలి. గడ్డి కదల్లేదు.

అంజమ్మ రెండు చేతులతో ఎత్తి చెవికి పెట్టుకుంది.

"ఆఁ... ఎవలు?"

తరువాత ఆమె ముఖంలో వచ్చిన మార్పును వర్ణించను. దాన్ని కొలిచే యంత్రం నా దగ్గర లేదు.

"యాడున్నవయ్యా." అది ప్రశ్నలా లేదు. "తిన్నవా? ... నాకేమైతది. గవ్వే మోకాళ్లు. పత్తి ఏరవోతలేను, మ్యాకలను కాస్తున్న. ... గొంగడి తీస్కపొమ్మంటె ఇంటివా? ఇనవు. ఎన్నడు ఇన్నవ్."

నవ్వింది. చాలాసేపు విన్నది. అప్పుడు ఆమె కళ్లు లోపలి యాంటెనా వేలాడిన చోటికి, ఇప్పుడు ఖాళీగా ఉన్న కొక్కెం మీదికి పోయాయి.

"రోజూనా? ... రోజూ నాలుగ్గొట్టంగనే చేసినవా?"

తెర వెలుగు పెంచి చూశాను, గడ్డి అలాగే ఉంది.

"మోగలే. నీ తోడు, ఒక్కనాడు మోగలే. ఫోను నా ఒళ్లెనే ఉండె. ... నేను అలుగుతనా? అలిగితె రెండేండ్లు కూసుంటనా?"

తరువాత నా వైపు చూసింది. "ఎవలూ లేరు. టవరోళ్ల పిల్ల కూసున్నది. ఆఁ, మంచిదే. జర బక్కగున్నది."

కొద్దిసేపటికి, "సరే. పైలం," అని ఫోన్ దించింది. నాలుగూ పదహారు దాటింది.

నేను తెర వైపే చూస్తున్నాను. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్క గీత కూడా లేవలేదు. నాలుగూ ఇరవై ఆరుకు టవర్ మళ్లీ నడిచింది, గుట్టలన్నీ యథాస్థానానికి వచ్చాయి. అంజమ్మ ఫోన్‌లో రెండు గీతలు కనిపించాయి. నా లెక్క తప్పలేదు. సుజాత చేత ఆ ఫోన్‌కు కాల్ చేయించాను. అదే శబ్దంతో మోగింది, ఎనలైజర్ తెర సగానికి పైగా నిండింది. అంటే యంత్రం చూడగలిగే స్థితిలోనే ఉంది.

మామూలు వివరణలు నాకు తెలియనివి కావు. ఫోన్‌లో అలారం మోగిందనవచ్చు. కాని మోగింది కాల్ వచ్చినప్పటి శబ్దమే. రెండేళ్ల ఎదురుచూపు మనసులో మాటలు పుట్టించిందనవచ్చు. 'రోజూ చేసినవా' అన్న మాట విషయానికొస్తే, ఆ డబ్బాయే ఫోన్‌ను రానివ్వడం లేదని నేను చెప్పింది యాదగిరికి ఒక్కడికే. అతను నాతోనే వచ్చాడు, నాతోనే వెళ్లాడు, అంజమ్మతో విడిగా మాట్లాడలేదు. అయితే ఆమె తెలివితక్కువ మనిషి కాదు. ముందురోజు డబ్బా వేస్తూ తీస్తూ మేము ఫోన్ కలవలేదనుకోవడం విని తానే పోల్చుకుని ఉండవచ్చు. ఆ అవకాశాన్ని నేను కొట్టివేయను. కాని వీటిలో ఏదీ ఒక్కటిగా సరిపోదు, అన్నీ కలిపితే ఒకదానికొకటి పొసగవు.

తేల్చడానికి ఒక దారి ఉంది. చాలా సులువైనది.

"పెద్దమ్మా, ఒక్కసారి ఫోన్ ఇస్తవా?"

"ఎందుకు బిడ్డా?"

"ఎవరి నంబరో చూస్త."

ఆమె ఫోన్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. కోపం లేదు.

"సూడకు బిడ్డా. నువ్వు సూస్తే ఏదో ఒకటే ఉంటది."

నేను చూడలేదు.

యాదగిరి టవర్ దిగి వచ్చాక బండిలో అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. "ఆయన ఏమన్నడట?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

బాలయ్య తిరిగి రాలేదు. ఆ తరువాత మరో ఫోన్ వచ్చినట్టు నేను వినలేదు. ఏడు ఊళ్లలో ఇప్పుడు నాలుగింటికి ఫోన్లు కలుస్తున్నాయి. ఇంటి దగ్గర, పిల్లలు పడుకున్నాక, కొన్నిసార్లు ఆ ఫైలు తెరుస్తాను. నాలుగూ పన్నెండు నుంచి పదహారు దాకా ఉన్న గడ్డిని పెద్దది చేసి చూస్తాను. ఎక్కడైనా వెంట్రుకవాసి ఎత్తు దొరికితే చాలునని, అది దొరికితే నేను నేర్చినదంతా తప్పవుతుందని తెలిసి కూడా, వెతుకుతాను. అటువంటి కోరికతో కొలత చూడకూడదని నా కింద పనిచేసేవాళ్లకు నేనే చెబుతుంటాను.

పోయిన ఏడాది కొత్త యాంటెనాలు బిగించే పని మీద ఆ వైపు వెళ్లాను. నాలుగు దాటింది. అంజమ్మ ఇంట్లో లేదు, గుట్ట కింద మేకల దగ్గర ఉంది. ఇప్పుడు ఆ గంట కూర్చోవడం లేదట. కొంగున టచ్ ఫోన్, సుజాత ఇప్పించినది.

"పాతది సందూకల పెట్టిన," అంది, నేను అడగకుండానే. "నంబర్లన్నీ అండ్లనే ఉన్నయ్. ఇంక గూడ సూడబుద్దయితాందా నీకు?"

అవుతోందని చెప్పాను. ఆమె నవ్వి మేకల వెంట నడిచింది. ఇంటి తలుపు దగ్గరికే వేసి ఉంది, అడిగితే కాదనేది కాదు.

నేను బండెక్కాను. ఆ పాత ఫోన్‌లో ఆ సాయంత్రం నాలుగూ పన్నెండుకు వచ్చిన కాల్ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నకు నా దగ్గర ఈ రోజుకూ జవాబు లేదు. బ్యాటరీ పెట్టి రెండు బటన్లు నొక్కితే దొరికే జవాబు అది. లేదని తేలితే, ఆమెకు మిగిలిన ఆ నాలుగు నిమిషాలు ఉండవు. ఉందని తేలితే, ఎక్కడో ఒక మనిషి రెండేళ్లపాటు రోజూ చాయ్ వేళకు ఫోన్ చేసి, అందుబాటులో లేదన్న మాట విని, మళ్లీ మరునాడు చేశాడన్నది నిజమవుతుంది. ఏది తేలినా చూసేది నేను, మోసేది ఆమె. అందుకే చూడలేదు.